నా ట్రాలీకి టైర్లు కొన్న కథ: ముందు కాంటా, తర్వాతే టైరు దుకాణం

మాది హన్మకొండ కాడ. నడిపేది టాటా ఇంట్రా వీ30, చిన్న సామాను ట్రాలీ, 2021ల తీసుకున్న. బొలెరో పికప్ తీసుకుందామనే ఉండె గానీ డౌన్ పేమెంట్ కాడ ఆగిపోయింది ముచ్చట. సిమెంటు, యూరియా, టైల్స్, ఎండకాలం ముంగట ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, దసరా అయినంక పత్తి, ఇట్ల ఏ కిరాయి దొరికితే ఆ కిరాయి కొడ్త. నాలుగేండ్లు బండి నడిపినా టైర్ల గురించి నాకు తెలిసింది రెండే ముచ్చట్లు, ఒకటి గుండయితే మార్చాలె, రెండోది 8 ప్లై అంటే గట్టిది. గంతే. మిగతాదంతా పోయినేడు మే నెల తర్వాత నేర్చుకున్నదే, అది కూడా పైసలు పోయినంక.

మే నెల, మధ్యాహ్నం, ఎండ గురించి చెప్పుడెందుకు మన దిక్కు ఎట్లుంటదో అందరికి ఎరుకే. హన్మకొండల 40 బస్తాల సిమెంటు ఎక్కిచ్చుకొని తాడ్వాయి దిక్కు ఒక ఇల్లు కట్టేకాడికి పోతున్న. 40 బస్తాలంటే రెండు టన్నులు, బండి కెపాసిటీ 1300 కిలోలు, తప్పే అని నాకు కూడా తెల్సు, కానీ ఆ సేటు ఎప్పుడు 40కే కిరాయి మాట్లాడ్తడు, అందరు అట్లనే ఎక్కిస్తరు, నేనొక్కన్ని కాదంటే ఇంకో బండి వస్తది. గట్టమ్మ కాడ ఆగి దండం పెట్టుకున్న, ములుగు దాటి కొంచెం దూరం పోయిన్నో లేదో వెనక ఎడమ దిక్కు బాంబు పేలినట్టు ఒక్కటే సప్పుడు. స్టీరింగ్ గట్టిగ పట్టుకున్న, బ్రేక్ తొక్కలే, ఎట్లనో పక్కకు ఆపిన. ఎదురుంగ బస్సు వచ్చేది ఇంకో నిమిషం తర్వాత వచ్చింది, అది నా అదృష్టం.

దిగి చూస్తే టైరు గోడ, అంటే పక్క భాగం, మొత్తం చీరుకపోయి ఉంది, రబ్బరు ముక్కలు ఎగిరి మడ్‌గార్డును పలగ్గొట్టినయి. సరే స్టెప్నీ ఉంది కదా అని కిందికి దించిన, వేలుతోని ఒత్తి చూస్తే మెత్తగ లోపలికి పోతుంది. బండి కొన్నప్పటిసంది దానికి గాలి కొట్టిచ్చిన పాపాన పోలే. ఇగ నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక ఆ స్టెప్నీని ఒక ఆటోల ఏసుకొని ములుగు పోయి గాలి నింపిచ్చుకొని వచ్చిన. జాకీ పెడ్తామంటే రెండు టన్నుల లోడ్ మీద బండి లేస్తలేదు, ఆటో అన్న, నేను, దారిన పోయే ఇద్దరు పిలగాండ్లు కలిసి పదిహేను బస్తాలు దింపి, టైరు మార్చి, మళ్ల ఎక్కిచ్చినం. నాలుగు బస్తాలు పలిగినయి, అవి నా ఖాతాలనే.

తెల్లారి ఆ పోయిన టైరును మా దిక్కు పంక్చర్ షాపు కాక కాడికి పట్టుకపోయిన, తిట్టుకుంట పోయిన అసలు, ఏం టైర్లు చేస్తున్రు కాక, రెండేండ్లు కాలే పెట్టిచ్చి అని. కాక ఏం మాట్లాడలే. టైరును అటు ఇటు తిప్పి లోపలి దిక్కు చెయ్యి పెట్టి తీసిండు, అరచెయ్యంత నల్లగ రబ్బరు పొడి. లోపల గోడ మీద చుట్టూ ఒక గీత పడి ఉంది, ఇస్త్రీ చేసిన మడత లెక్క.

"తక్కువ గాలి మీద ఎక్కువ బరువు గుంజినవ్ బిడ్డా. గోడ ఒంగి లేసి, ఒంగి లేసి, ఉడికిపోయింది లోపల. పైన రోడ్డుకు తాకే బటన్ బాగనే ఉంటది, నీకు కనవడదు" అన్నడు.

"పోయిన నెలనే గాలి కొట్టిచ్చిన కాక."

"ఎంత కొట్టిచ్చినవ్?"

"45."

కాక టైరు గోడ మీద తుడిచి చూపిచ్చిండు. చిన్న అక్షరాలల్ల అచ్చేసి ఉంది, మ్యాక్స్ లోడ్ సింగిల్ 850 కేజీ, 65 పీఎస్ఐ కోల్డ్ అని. అంటే 65 గాలి ఉంటేనే ఆ టైరు 850 కిలోలు మోస్తది, అది కూడా చల్లగ ఉన్నప్పుడు చూసిన గాలి. 45 మీద 850 కూడా మొయ్యదు. నాలుగేండ్ల సంది ఆ రాత నా కండ్ల ముంగటనే తిరుగుతుంది, నేను ఒక్కసారి సదవలే.

తర్వాత కాక ఇంకోటి చూపిచ్చిండు, అది చూసినంక మాత్రం నా నెత్తి గిర్రున తిరిగింది. డాట్ అని రాసి ఉన్న కాడ చివర్ల నాలుగంకెలు ఉంటయి, నా టైరు మీద 3819 అని ఉంది. మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. అంటే 2019ల 38వ వారం తయారైన టైరు. నేను ఆ వెనక రెండు కొన్నది 2023ల, కొత్త టైరని పూరా పైసలు పెట్టి! దుకాణంల నాలుగేండ్లు పండుకున్న టైరును నాకు అంటగట్టిన్రు, నేను మెరుస్తుందని చూసి పెట్టిచ్చుకున్న. ఆ దుకాణపాయనను అడుగుదామని పోతే బిల్లుంటే తీసుకరా అన్నడు, బిల్లు నేను తీసుకోనే లేదు, జీఎస్టీ తప్పుతదని ఇద్దరం సంతోషంగ చిట్టీ మీద పనికానిచ్చినం. ఇగ ఏమంట.

అప్పుడు చేతుల పైసలు లేవు. 2,500 పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ టైరు ఏసుకొని వానకాలం దాదాపు అంత 20, 25 బస్తాలకు మించకుండ భయం భయంగ నడిపిన. రీబటన్ చేపిద్దామా అని కూడా అడిగిన, "పైన బటన్ కొత్తదైతది, గోడ పాతదే కదా బిడ్డా, నీది పోయింది గోడ" అన్నడు కాక. పెద్ద లారీలకు మంచి గోడ ఉన్న టైరును రీబటన్ చేపిస్తే పని చేస్తది గానీ, నా లెక్క గోడను ఉడకపెట్టినోనికి అది దండుగ.

ఆగస్టు నెలాఖరుల దసరా సీజన్ వస్తుంది కదా, నాలుగు టైర్లు ఒక్కసారే మార్చాలె, ఈసారి సక్కగ తెలుసుకొని కొనాలె అని మొదలు పెట్టిన. ముందుగాల గోడ మీద రాతలన్ని సదువుకున్న. నా బండిది 185 ఆర్14 ఎల్‌టీ 8పీఆర్, అంటే 185 మిల్లీమీటర్ల వెడల్పు, 14 ఇంచుల రిమ్ము, ఎల్‌టీ అంటే లైట్ ట్రక్, 8పీఆర్ అంటే 8 ప్లై. దాని పక్కన 102/100 అని ఉంటది. ఈ 102 అనేదే అసలు ముచ్చట, అది లోడ్ ఇండెక్స్, 102 అంటే టైరు ఒక్కటి 850 కిలోలు. 100 అంటే 800, అది వెనక జంట టైర్లు ఉన్న బండ్లకు, మనకు ఒక్కో దిక్కు ఒక్కటే కాబట్టి 850 చూసుకోవాలె. 8 ప్లై అంటే లోపల ఎనిమిది పొరలు ఉంటయని అనుకునేటోన్ని, అట్లేం లేదు, రేడియల్ టైరుల అన్ని పొరలు ఉండయ్, పాత నైలాన్ టైర్ల కాలం లెక్కను బలం చెప్పుడానికి వాడుతున్నరంతే. అందుకే 8 ప్లై అనే మాట వినుడు బంద్ చేసిన, లోడ్ ఇండెక్స్ ఎంత అనే అడుగుడు మొదలు పెట్టిన. సగం దుకాణాలల్ల అట్ల అడిగితే నన్ను వింతగ చూసిన్రు.

టైరు 850 మోస్తది సరే, నా బండి వెనక టైరు మీద నిజంగ పడేదెంత? ఇది ఎవ్వర్ని అడిగినా చెప్పలే. లోడ్ డివైడెడ్ బై నాలుగు అన్నడు మా బావ, ఆయన బొలెరో పికప్ నడుపుతడు, ఇరవై ఏండ్ల అనుభవం. అది తప్పు అని నాకు కూడా అనిపించింది గానీ ఎంత తప్పో తెల్వలే. మేడారంల మనిషిని తూకంల కూసోబెట్టి నిలువెత్తు బంగారం అని బెల్లం ఇస్తం, బండిని మాత్రం మాలు తూకానికే తప్ప దాని కోసం దాన్ని ఎన్నడు తూకమెయ్యం.

ఒక రోజు 30 బస్తాల సిమెంటు కిరాయి ఉండె, పోయేముందు ధర్మకాంట, అదే బండిని మొత్తం తూకమేసే పెద్ద కాంటా, దాని మీదికి పోయిన. కాంటా ఆయనకు ముందే చెప్పిన, అన్నా నాలుగు సార్లు ఏస్త, నాలుగింటికి పైసలిస్త, గమ్మత్తు అనుకోకు అని. పొద్దున ఖాళీ బండి ఏసిన, నేను లోపలనే కూసున్న, తాళ్లు, టార్పాలిన్, పైన కట్టిచ్చిన ఇనుప చట్రం, స్టెప్నీ అన్ని కలిసి 1340 కిలోలు. తర్వాత ముందు టైర్లు ప్లాట్‌ఫారం దాటిచ్చి వెనక టైర్లు మాత్రం కాంటా మీద ఆపిన, 540. అంటే ఖాళీగ ఉన్నప్పుడు ఇంజను, క్యాబిన్ బరువంత ముందుకే ఉంది, వెనక తక్కువే.

లోడ్ ఎక్కిచ్చుకొని మళ్ల వచ్చిన. 30 బస్తాలు, 1500 కిలోలు. మొత్తం 2840 వచ్చింది. వెనక ఒక్క ఇరుసు మాత్రం ఏస్తే 1880! పదిహేను వందల కిలోల మాలుల 1340 పూరాగ వెనకకే పోయింది, ముందు టైర్ల మీద పడ్డది 160 కిలోలే. వెనక టైరు ఒక్కోదాని మీద 940, అది మోసేది 850. ఇది 30 బస్తాలకే. ఇంక మే నెలల 40 ఏసుకపోయిన కదా, అదే లెక్క పెట్టి చూసిన కాంటా కాడ నిలవడి, ఫోన్ల క్యాలిక్యులేటర్ తీసి, టైరుకు 1165 దగ్గర వస్తుంది. 45 గాలి మీద. నాలుగేండ్లు దుకాణంల ఎండిన టైరు మీద. అది ములుగు దాక వచ్చుడే గొప్ప, నేను దాన్ని తిట్టుకుంట కాక దగ్గరికి పట్టుకపోయిన.

ఇంకో ముచ్చట అక్కడనే తెలిసింది. హమాలీలు దింపుడు తేలిక అయితదని మాలును తోక దిక్కు పేరుస్తరు, క్యాబిన్ దిక్కు జాగ ఇడిచిపెడ్తరు, మనం కూడా ఏమనం. అక్కడనే ఒక పిలగాన్ని పట్టుకొని ఆరు బస్తాలు తోక నుంచి తీసి క్యాబిన్‌కు ఆనిచ్చి పెట్టిన, మళ్ల వెనక ఇరుసు ఏస్తే 1770. అవే 30 బస్తాలు, అదే బండి, జాగ మార్చినందుకే వెనక 110 కిలోలు తగ్గింది. కాంటా ఆయన కూడా ఖుర్చీలకెల్లి లేచి వచ్చి చూసిండు. ఈ ఐదో తూకానికి పైసలు తీసుకోలే.

ఆర్సీల బండి మొత్తం బరువు 2565 అని రాసి ఉంటది. కంపెనీ 1300 కెపాసిటీ అంటే ఖాళీ బండి 1265 అనుకొని చెప్పిన లెక్క, నేను కట్టిచ్చిన చట్రం, సామాను, నేను, అన్ని కలిసి ఆ 1300లకెల్లి 75 కిలోలు ముందే తినేసినం. అట్ల చూస్తే నాకు సిమెంటు 24 బస్తాలే లెక్క, మొత్తం 2540. ముంగటికి సక్కగ పేరిస్తే వెనక 1580, టైరుకు 790. 850 మోసే టైరు మీద 790 అంటే జర ఊపిరి పీల్చుకునే జాగ ఉంది, గుంతల పడ్డప్పుడు ఆ జాగనే కాపాడ్తది.

ఇది తెలిసినంక కూడా మా బావ ఊకోలే. "24 బస్తాలకు బండెందుకురా, టైరు సైజు పెంచు" అన్నడు. 195 ఆర్14 వస్తది, లోడ్ ఇండెక్స్ 106, టైరు ఒక్కటి 950 కిలోలు, అదే రిమ్ముకు పడ్తది అని ఒక టైరు దుకాణంల కూడా చెప్పిన్రు. అబద్ధం చెప్పను, మస్తు ఆశ పుట్టింది, జతకు 1900 అంటే 30 బస్తాలు కూడా దాదాపు సరిపోతయి కదా. రెండు రోజులు దాని గురించే ఆలోచించిన. కానీ టైరు పెద్దదైతే ఇరుసు పెద్దగైతదా, కమాన్ పట్టీలు, బ్రేకులు అవే కదా, ఆర్సీల 2565 ఏమన్న మారుతదా. టైరు పేలకుంటే బ్రేకు కాడ తెలుస్తది, అది ఇంకా ఘోరం. ఇంకోటి 185ది టైరు మొత్తం ఎత్తు 650 మిల్లీమీటర్లు, 195ది 666, లోడ్ మీద గుంతల పడ్డప్పుడు పైన తాకుతదేమో అని ఒకటి, ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఇంకొంచెం బరువైతదని ఒకటి, స్టెప్నీ వేరే సైజు అయితదని ఒకటి. వద్దనుకున్న. బావ ఇప్పటికి కూడా పిరికోడివి అంటడు, అననీ.

ఇగ దుకాణాలు తిరుగుడు. ఒక కాడ ఏమైందంటే, నేను 185 ఆర్14 అన్నంగనే లోపలికి పోయి టైరు తెచ్చిండు, వేరే కాడ చెప్పిన రేటు కన్నా పదిహేను వందలు తక్కువ. సంబురపడ్డ. తిప్పి చూస్తే 185/70 ఆర్14 అని ఉంది, పక్కన 88. ఇది కారు టైరు కదన్నా అంటే, "14 ఇంచులే కదా తమ్మీ, 185యే కదా, పడ్తది తీస్కో, మస్తు మంది ఏపిస్తున్నరు" అన్నడు. పడ్తది, నిజమే, రిమ్ముకు పడ్తది. కానీ 88 అంటే 560 కిలోలు. నా వెనక టైరు మీద 790 ఉంటది. కాంటాకు పోకముందు అయితే నేను అది పక్కా కొనేటోన్ని, పదిహేను వందలు మిగిలినయని ఇంటికాడ చెప్పుకునేటోన్ని కూడా. ఎల్‌టీ అనో, 14 తర్వాత సీ అనో లేకుంటే, లోడ్ ఇండెక్స్ చూడకుండ ట్రాలీకి ఆ టైరు ముట్టుకోవద్దు.

ఇంకో కాడ టైరు సరైనదే, రేటు కూడా మంచిగనే చెప్పిండు, డాట్ చూస్తే 2022. అన్నా ఇది మూడేండ్ల కిందిది అంటే, రబ్బరేమన్న పాలా పగిలిపోవడానికి అన్నడు. ఆ మాటకు నేను కూడా నవ్విన, కానీ కొనలే.

మూడో దుకాణం ఆయన మాత్రం పద్ధతిగల్ల మనిషి. నేను డాట్ అడిగితే ఆయననే టార్చి ఏసి చూపిచ్చిండు. రేటు 7,000 చెప్పిండు ఒక్కోటి. సరే అని అడ్వాన్సు ఇయ్యబోతే ఆయననే ఆపిండు, అది సెప్టెంబర్ మొదటి వారం, "టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 చేసిన్రు, 22 తారీకు నుంచి. ఆగగలిగితే ఆగు తమ్మీ, రెండు వేల పైన మిగులుతది" అన్నడు. అమ్మేటోడు కొనకు అనుడు నేను మొదటిసారి విన్న. ఇంటికొచ్చి లెక్క చేస్తే 7,000ది 6,450 అయితది, నాలుగు మీద 2,200. ఆగిన. ఎంగిలిపూల బతుకమ్మ ఆదివారం, సోమవారం నుంచి కొత్త రేట్లు, నేను బుధవారం పోయిన. అన్నట్టే 6,450 చొప్పున ఇచ్చిండు, బిల్లు కూడా అడగకముందే కొట్టిండు. ఈసారి చిట్టీ గిట్టీ లేదు.

కంపెనీ పేరు అందరు అడుగుతరు, కావాల్ననే చెప్తలేను. లారీ అడ్డా కాడ అడిగి చూడుండ్రి, ఒకాయన ఎంఆర్‌ఎఫ్ తప్ప ఇంకోటి టైరే కాదంటడు, ఇంకొకాయన అపోలో, ఇంకొకాయన సియట్, జేకే, హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నట్టు కొట్టుకుంటరు. నేనైతే 102/100 ఉందా, డాట్ ఎంత, బిల్లు మీద వారంటీ ఉందా, మన ఊర్ల సర్వీసు ఉందా, ఈ నాలుగే చూసిన. నాకు దొరికిన వాటిల మూడిటి మీద 3125, ఒకదాని మీద 2825, అంటే రెండు, రెండున్నర నెలల కిందివి. వెనకకు రెండు ఒకే వారంవి పెట్టుమన్న.

నమూనా కాడ మాత్రం జర తన్లాడిన. పత్తి కాలంల పరకాల, రేగొండ దిక్కు నల్లరేగడిలకు పోవుడు ఉంటది, తడి ఉంటే ఆ మట్టి టైరుకు రొట్టె లెక్క అంటుకుంటది, అక్కడ పెద్ద పెద్ద బటన్లున్న టైరు మంచిది. కానీ నా తిరుగుడు పది పాళ్లల్ల తొమ్మిది పాళ్లు తారు రోడ్డు మీదనే, ఆ బటన్ల టైరు తారు రోడ్డు మీద రొద పెడ్తది, తొందరగ అరుగుతది. పొడుగు గీతలదే తీసుకున్న నాలుగింటికి. చేన్లకు పోకుండ రోడ్డు మీదనే బండి ఆపుత, పత్తి అక్కడిదాక ట్రాక్టర్ల తెచ్చుకోమంట. ఒక్కసారి మాటిని లోపలికి పోయిన, ఆ ట్రాక్టరే నన్ను బయటికి గుంజింది.

బిగిచ్చేటప్పుడు పక్కనే నిలవడ్డ, వాల్వులు కొత్తవి ఏపిచ్చిన, రిమ్ముల తుప్పు గీకిచ్చిన, బ్యాలెన్సింగ్ చేపిచ్చిన. 80 కిలోమీటర్లు తిరిగినంక నట్లు మళ్ల టైట్ చెయ్యాలె అని ఆ దుకాణం ఆయన చెప్తే ఊకె చెప్తున్నడేమో అనుకున్న, చేసి చూస్తే వెనక కుడి దిక్కు రెండు నట్లు నిజంగనే అర చుట్టు తిరిగినయి. పాత ముందు టైర్లల్ల మంచిగున్నది స్టెప్నీ చేసిన, గాలి నిండా కొట్టిచ్చి.

అన్నిటికన్నా చిన్న ఖర్చు 350 రూపాయల గాలి మీటరు, సొంతానిది, డాష్‌బోర్డుల ఉంటది. పొద్దున బండి తియ్యకముందు చూస్త. బంకుల మీటరుకు నా మీటరుకు 6 తేడా వచ్చింది మొదటి రోజు, ఏది నిజమో తేల్చుకునేదానికి కాక కాడి మీటరు కూడా పెట్టి చూసిన, కాకది నాది ఒక్కటే చూపిచ్చినయి. వెనక 65, ముందు కంపెనీ పుస్తకంల ఎంత రాసిన్రో అంత. ఖాళీగ వచ్చేటప్పుడు 65 మీద వెనక ఎగిరెగిరి పడ్తది, నడుం నొస్తది, నిజమే, ఓర్చుకుంట. ఇంకోటి నేను చానా రోజులు చేసిన తప్పు, లోడ్ మీద పోయి టీ కాడ ఆగి గాలి చూస్తే 72 చూపిస్తది, అమ్మో ఎక్కువైందని ఇడిచేటోన్ని. వేడికి పెరుగుడు మామూలే, అప్పుడు ఇడిస్తే చల్లబడ్డంక తక్కువైతది, అదే మళ్ల గోడ ఉడుకుడు. ఇప్పుడు పస్రా కాడ టీకి ఆగితే నాలుగు టైర్లను అరచేతితోని ముట్టుకొని చూస్త, నాలుగు ఒక్క తీరు వెచ్చగుంటే సరే, ఒక్కటి కాలుతుంటే దానికి ఏదో ఉన్నట్టు. టీ కొట్టాయన "టైర్లకు జెరమొచ్చిందా అన్నా" అంటడు రోజు.

సిమెంటు సేటు మాత్రం అలిగిండు. "40 ఎక్కిచ్చేటోడివి, 24 అంటవేందయ్యా, టైర్లు కొత్తగ ఏపిచ్చినవ్ కదా ఇంకా ఎక్కువ మొయ్యాలె" అన్నడు. ఆయనకు కాంటా చిట్టీ చూపిచ్చిన, చూడలే. రెండు నెలలు పిలవలే కూడా. 40కి 24కి నాకు ట్రిప్పుకు మిగిలే తేడా 600, మే నెలల ఒక్క టైరు పోయినందుకు టైరు, మడ్‌గార్డు, ఆటో, పలిగిన బస్తాలు, పోయిన రోజు కలిపి 9,000 దాటింది, ఇది ఆయనకు చెప్పినా ఏం లాభం, 9,000 ఆయనవి కావు కదా. తర్వాత ఆయననే ఫోన్ చేసిండు, పెద్ద లోడ్ ఉంటే బావ బొలెరోకు ఇప్పిస్త, చిన్నవి నేను కొడ్త. ఎప్పుడన్న ఒకటి రెండు బస్తాలు ఎక్కువ పడ్తయి, హమాలీలు ఏసేస్తరు, మొహమాటానికి దించుమనలేను, అబద్ధమెందుకు. కానీ తోక దిక్కు మాత్రం పెట్టనియ్య.

ఈసారి జాతరకు బెల్లం లోడ్లు మస్తు కొట్టిన, వరంగల్ నుంచి మేడారం, ఆ జనంల, ఆ ట్రాఫిక్‌ల గంటకు పది కిలోమీటర్లు కూడా కదలని కాడ, ఒక్క పంక్చర్ కూడా కాలే. ఇప్పుడు మిర్చి నడుస్తుంది. వెనక రెండు టైర్లు అటు అంచు, ఇటు అంచు, నడుమ ఒక్క తీరు అరుగుతున్నయి, పాతవి రెండంచులు అరిగి నడుమ కొత్తగనే ఉండేటివి, గాలి తక్కువకు అదే గుర్తట. అయితే పోయిన వారం కడుగుతుంటే చూసిన, ముందు ఎడమ దిక్కు టైరు లోపలి అంచు జర ఎక్కువ అరిగింది. కాక చూసి టైరుది తప్పు లేదు, అలైన్‌మెంట్ పోయింది, అంటే చక్రం సక్కగ నిలవడ్తలేదు, కల్వర్టు కాడ గట్టిగ పడ్డవా అన్నడు. పడ్డ, నర్సంపేట రోడ్డు మీద, రాత్రి. రేపు ఎనిమిదింటికి అలైన్‌మెంట్‌కు పెడుతున్న, అది అయినంక ఎనుమాములకు మిర్చి. బావను కూడా రమ్మన్న, బొలెరోను ఒక్కసారి కాంటా మీద వెనక ఇరుసు ఏసి చూద్దాం, యాభై రూపాయలు నేనే ఇస్త అన్న. వస్త అనలే, రాను అనలే.